వాన నీటిని గేటు దాటనివ్వకు

హనుమకొండ,
ఏప్రిల్ 20, 2025.

చిరంజీవి చిన్నాకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

బోడుప్పల్‌లో మీ ఇంటికి రెండో స్లాబు కూడా పడిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం నాన్నా. నువ్వు పంపిన ప్లాను కూడా చూశాను. గేటు పక్క మూలలో చిన్న గుండ్రం గీసి 'ఇంకుడు గుంత' అని రాశారు. దాని గురించి అడిగితే మేస్త్రీ "అది పర్మిషన్ కోసం చూపించింది, తర్వాత చూద్దాంలెండి" అన్నాడట. ఆ మాట వినే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. కాగితం మీద ఉంటే మేస్త్రీకి చూపించవచ్చు, ప్లంబర్‌కు చదివి వినిపించవచ్చు.

ఆవరణలో ఇంకా సిమెంటు వేయలేదు. పైపులు గోడకు బిగించలేదు. ఇప్పుడైతే ఈ పని ఇంటి పనిలో కలిసిపోతుంది. గృహప్రవేశం అయ్యాక టైల్సు పగలగొట్టి చేయాలంటే ఎవరికీ మనసు రాదు. ఉద్యోగకాలమంతా భూగర్భ జల శాఖలో గడిపిన దాన్ని కాబట్టి, నాకు తెలిసింది నీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు లెక్క చూడు. చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మీ డాబా దాదాపు 120 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే మీ కప్పు మీదే ఏటా 96 వేల లీటర్లు పడుతుంది. ఎండకు ఆవిరయ్యేది, డాబా పీల్చుకునేది తీసేసినా 80 వేల లీటర్లు మిగులుతాయి. ట్యాంకర్ 5 వేల లీటర్లు అనుకుంటే ఇది 16 ట్యాంకర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రభుత్వ లెక్క. మీ ఇంట్లో నలుగురు. ఆ లెక్కన ఈ నీళ్లు మీకు దాదాపు ఐదు నెలల వాడకం. ఇంత నీటిని వానాకాలమంతా రోడ్డు మీదికి వదిలేసి, వేసవిలో ట్యాంకర్‌కు ఫోన్ చేసి బతిమాలుకుంటున్నాం. నగరంలో ఎక్కువ ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

"కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా పెద్దమ్మా" అంటావు. వస్తున్నాయి. ఎక్కడి నుంచో కూడా తెలుసుకో. నాగార్జునసాగర్ నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, 300 మీటర్లకు పైగా ఎత్తుకు, పగలూ రాత్రీ మోటార్లతో తోడి పోస్తేనే మీ నల్లాలోకి వస్తాయి. గోదావరి నీళ్లయితే ఎల్లంపల్లి నుంచి, ఇంకా దూరం నుంచి వస్తాయి. దానికి పట్టే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసేదే. నీ డాబా మీదికి మాత్రం వాన తనంతట తానే వస్తుంది. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు.

ఇక కాలం మారిన సంగతి. హైదరాబాద్‌లో ఏడాదిలో చెప్పుకోదగ్గ వాన పడేది యాభై రోజులకు అటూ ఇటూ. ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరులోపే కురుస్తుంది. అది పాత సంగతే. కొత్తది ఏమిటంటే, భూమి వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది. ఒక డిగ్రీ పెరిగితే దాదాపు 7 శాతం ఎక్కువ. ఆ తేమంతా ఎప్పుడో ఒకసారి కుమ్మరించినట్టు దిగుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 నాటికి మూడు రెట్లయ్యాయి. నెల వాన ఒక్క రోజులో కురిసి, తర్వాత వారాల తరబడి మబ్బు ముఖం చూపకపోవడం మనం కళ్లారా చూస్తున్నదే.

2020 అక్టోబరు నీకు గుర్తుండే ఉంటుంది. 13న బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు, మీకు దగ్గరున్న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసింది. అంతకు ముందు 2016 చూడు. ఆ వేసవిలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీరా అన్నీ అడుగంటి నగరమంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. అదే ఏడాది సెప్టెంబరులో నిజాంపేట కాలనీల్లో సెల్లార్లు మునిగిపోయి, జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. ఏప్రిల్‌లో బిందె నీళ్లు లేని ఊరు సెప్టెంబరులో మునిగింది. ఈ రెండూ వేర్వేరు కష్టాలని మనం అనుకుంటున్నాం. వాన పడిన చోట నీరు ఆగకపోవడం వల్లే రెండూ వస్తున్నాయి. ఆగని నీరు ముందు రోడ్డును ముంచుతుంది, తర్వాత బోరును ఎండబెడుతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే చిన్నా.

ఈ మాట హైదరాబాద్‌కు కొత్త కూడా కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మంది కొట్టుకుపోయారు. అప్పటి నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. వరదను ఊరి నుంచి త్వరగా బయటికి పంపే కాలువలతోనే ఆయన సరిపెట్టలేదు. ఎగువనే నీటిని ఆపాలన్నాడు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసా నది మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద నుంచి కాపాడడానికి కట్టిన ఆ రెండు జలాశయాలే దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు ఇచ్చాయి. నువ్వు నీ 200 గజాల్లో చేయవలసింది కూడా ఆ పనే, నీ శక్తి మేరకు.

మన కాకతీయుల చెరువులను చూసే పెరిగావు నువ్వు. పాఖాల, రామప్ప దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా నీళ్లు నిలుపుతున్నాయి. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. హైదరాబాద్ చుట్టూ కూడా అలాంటి గొలుసుకట్టు చెరువులే ఉండేవి. ఎన్నో చోట్ల వాటి శిఖం భూముల్లో లేఅవుట్లు పడ్డాయి, వాటిని కలిపే వాగుల మీద ఇళ్లు లేచాయి. ఆ గొలుసును నువ్వొక్కడివే తిరిగి కట్టలేవు. కానీ నీ కప్పు మీద పడ్డ నీటిని పక్కవాడి గుమ్మంలోకి తోయకుండా ఆపగలవు.

ఇప్పుడు పని చెబుతాను. ఇది మేస్త్రీకి చదివి వినిపించు.

మొదటిది, డాబా వాలు. నీళ్లు ఎక్కడా నిలవకుండా అన్నీ పైపుల మూతుల వైపు వచ్చేలా వాలు పెట్టించు. ఒక్కో మూతికి నాలుగంగుళాల పైపు, దాని నోట ఆకులు ఆపే జాలీ ఉండాలి. ఆ పైపులను ఎక్కడికక్కడ ఆవరణలోకి వదిలేయకుండా కింద ఒకే లైనులో కలపమను. ఏసీ నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, డాబా మీద బాత్రూం నీళ్లు ఈ లైనులో కలవకూడదు. ప్లంబర్‌కు ఈ మాట రెండుసార్లు చెప్పు.

రెండోది, తొలి నీళ్లను వదిలే వాల్వు. వేసవి అంతా డాబా మీద దుమ్ము, పావురాల రెట్ట, బండ్ల పొగ మసి పేరుకుంటాయి. ఏడాదిలో మొదటి వాన నీళ్లను పూర్తిగా బయటికి పోనివ్వు. ఆ తర్వాత కూడా చాలా రోజుల విరామం తర్వాత వాన పడితే మొదటి పది పదిహేను నిమిషాల నీళ్లు వదిలేసి, తర్వాత వాల్వు తిప్పాలి. వాల్వు చేతికి అందే ఎత్తులో ఉండాలి. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సి వస్తే వానలో ఎవరూ తిప్పరు.

మూడోది, సంపు. ఆ నీళ్లు ఇసుక, కంకర ఉన్న చిన్న ఫిల్టరు గదిలోంచి సంపులోకి రావాలి. నాలుగు సెంటీమీటర్ల వాన పడితే నీ కప్పు నుంచి దాదాపు 4 వేల లీటర్లు వస్తాయి. నువ్వు కట్టిస్తున్న 10 వేల లీటర్ల సంపులో అవి హాయిగా పడతాయి. స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు, మొక్కలకు ఈ నీళ్లు వాడుకోండి. బోరు నీళ్లలా తెల్లటి ఉప్పు పొర కట్టవు, సబ్బు నురగ బాగా వస్తుంది. తాగాలంటే మాత్రం శుద్ధి చేసి, కాచి తాగాలి. సంపు మూత గట్టిగా పడాలి, గాలి గొట్టానికి దోమల జాలీ కట్టాలి. మూత లేని నీళ్లలో డెంగీ దోమ పెరుగుతుంది. నీళ్లు దాచుకునే ఇంట్లో ఈ విషయంలో అలసత్వం పనికిరాదు.

నాలుగోది ఇంకుడు గుంత. సంపు నిండాక పొర్లే నీళ్లు రోడ్డు మీదికి కాదు, ఇందులోకి రావాలి. ఏడాదిలో వచ్చే 80 వేల లీటర్లను దాచే సంపు ఎవరూ కట్టలేరు. అంత నీటినీ దాచుకోగలిగేది నేల ఒక్కటే. నీ జాగాకు 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు సరిపోతుంది. అడుగున సగం లోతు వరకు పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆ పైన కాస్త దొడ్డు ఇసుక, పై అడుగు ఖాళీ. రాళ్ల సందుల్లో ఒకేసారి పట్టేది దాదాపు 1,500 లీటర్లే. మిగతాది ఇంకుతూ పోవాలి. అందుకే తవ్విన రోజే రాళ్లు పోయించకు. ముందు గుంతలో నీళ్లు నింపి చూడు. ఒక రోజులో ఇంకిపోతే మంచి మొరం తగిలినట్టే. రెండు రోజులైనా అలాగే నిలిచి ఉంటే కింద బంకమన్నో పరుపు బండో ఉందని అర్థం. అప్పుడు జాగా మార్చాలి, లేదా లోతు పెంచాలి. గుంత పునాదిని ఆనుకుని ఉండకూడదు. సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా, ఎగువ వైపు ఉండాలి.

ఐదోది బోరు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన కొన్ని మీటర్ల వరకు రాయి చివికి మొరంగా మారి ఉంటుంది. నీరు నిల్వ ఉండేది ఎక్కువగా ఆ పొరలోనే. దాని కింద గట్టి రాతిలో నీరు పగుళ్ల గుండానే కదులుతుంది. వెయ్యి అడుగులు వేసినా బోరు తోడేది ఆ సన్నని పగుళ్లలోని నీళ్లనే. పై పొర తడిస్తేనే ఆ పగుళ్లకు నీళ్లు దిగుతాయి. పై పొర ఎండిపోయాక లోతు పెంచుకుంటూ పోతే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. ఇంకుడు గుంత చేసే పని ఆ పై పొరను తడపడమే.

కొందరు బోరు చుట్టూ పది అడుగుల దాకా తవ్వి, కేసింగ్ పైపుకు చిల్లులు పెట్టి, నైలాన్ జాలీ చుట్టి, రాళ్లూ ఇసుకా నింపి, కప్పు నీళ్లను నేరుగా బోరులోకి దింపుతారు. ఎండిన బోరుకు ఇది బాగా పనిచేస్తుంది. కానీ ఒక్క షరతు. ఫిల్టరు దాటి వచ్చిన కప్పు నీళ్లు తప్ప ఇంకే నీళ్లూ అందులోకి పోకూడదు. ఆవరణ కడిగిన నీళ్లు, బండి కడిగిన నీళ్లు, రోడ్డు మీది వరద పోతే ఆ మురికి మట్టిలో వడకట్టుకోకుండా నేరుగా నేల లోపలి నీటిలో కలుస్తుంది. చెడిన భూగర్భ జలాన్ని బాగు చేయడం చాలా కష్టం. నీ బోరు ఇప్పుడు నీళ్లు ఇస్తోంది కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. గుంత చాలు.

ఇవన్నీ అయ్యాక ఆవరణ. ఆవరణంతా టైల్సు పరిచి, గోడ దాకా సిమెంటు పోస్తే శుభ్రంగా కనిపిస్తుందని అనుకుంటారు. నీళ్లు దిగే దారే లేకుండా పోతుంది. పక్కల వదిలిన సెట్‌బ్యాకులో ఒక వైపైనా మట్టి ఉంచు. వేప మొక్కో, కరివేపాకో పెట్టు. బండి నిలిపే చోట సందులున్న రాళ్లు పరిపించు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. గుంత తవ్వడం ఒక రోజు పని. దాన్ని బతికించుకోవడం ఏటా చేయాల్సిన పని. చెన్నైని చూడు. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత కొన్నేళ్లు బావుల్లో నీటిమట్టాలు పెరిగాయి. మెల్లగా శ్రద్ధ తగ్గింది. ఎన్నో ఇళ్లలో పైపులు విరిగిపోయాయి, గుంతలు పూడిపోయాయి. 2015 డిసెంబరులో ఆ నగరం వరదలో మునిగింది. నాలుగేళ్లు తిరగకముందే, 2019 జూన్‌లో, దానికి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. మన కండలేరు నుంచి వెళ్లే కృష్ణా నీళ్లు కూడా ఆదుకోలేకపోయాయి. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో తాగునీరు పంపాల్సి వచ్చింది. చట్టం ఉంది, గుంతలూ ఉన్నాయి, లేనిది ఏటేటా చూసుకునే చెయ్యి. మనకూ నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. మీ మేస్త్రీ మాటలో వినబడిందే ఆ చట్టానికి పట్టిన గతి.

అందుకే దీన్ని ఆవకాయ పెట్టినట్టు ఏటా ఒక వేళకు చేసే పనిగా పెట్టుకో. రోహిణి కార్తెలో డాబా ఊడ్చి కడిగించు. జాలీలు తీసి శుభ్రం చెయ్యి. ఫిల్టరులోని ఇసుక కడిగి ఎండబెట్టు. గుంత పైన పేరుకున్న ఒండ్రు తీసేసి, పై ఇసుక మార్చు. మృగశిర ప్రవేశించే జూన్ 8 నాటికి అంతా సిద్ధంగా ఉండాలి. వానాకాలం మధ్యలో ఒకసారి జాలీలు చూడు. సంక్రాంతికి ఇంటికి సున్నం వేయించేటప్పుడు డాబాకు సీసం ఉన్న రంగులు వేయనివ్వకు. ఒక ఆదివారం పూట పని ఇది. పిల్లలను పక్కన పెట్టుకుని చెయ్యి. వాళ్లకు వాన ఎటు పోతుందో తెలియాలి.

"మా గుంతలో ఇంకిన నీళ్లు పక్కింటి బోరుకు పోతే?" అని మీ ఆవిడ అడిగిందట. న్యాయమైన ప్రశ్నే. పోతాయి. రాతి పగుళ్లకు ప్రహరీ గోడలు తెలియవు. నువ్వు ఇన్నాళ్లూ తోడుకున్నదీ ఎవరి జాగాలోనో ఇంకిన నీళ్లే. అందుకే ఒక్క గుంతతో నీ బోరు పొంగుతుందని నేను మాట ఇవ్వను. మీ కాలనీలో వంద ఇళ్లు చేస్తే, నాలుగు సెంటీమీటర్ల వానకు 4 లక్షల లీటర్లు రోడ్డెక్కకుండా ఆగుతాయి. అప్పుడు వీధి చివర మోకాలి లోతు నీళ్లు ఉండవు. కొన్నేళ్లలో అందరి బోర్లలోనూ మట్టం లేస్తుంది. 2020 అక్టోబరు లాంటి రోజున ఏ గుంతా వరదను ఆపలేదు, అది నిజం. ఆ రోజుకు చెరువులు, నాలాలు తెరిచి ఉండాలి. అది ప్రభుత్వం చేయాల్సిన పని, మనం అడిగి చేయించుకోవాల్సిన పని. ఏడాదిలో మిగతా వానల బాధ్యత మాత్రం ఇంటివాళ్లదే.

కాలనీ సంఘం సమావేశంలో ఈ మాట నువ్వే ఎత్తు. పార్కులో పల్లంగా ఉన్న మూల ఒక పెద్ద గుంత, వీధికో గుంత అడుగు. మీ వైపు ఎక్కడైనా పాత బావి మిగిలి ఉంటే పూడ్చనివ్వకండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో నిండిపోయిన మెట్ల బావిని బాగు చేసి 2022లో మళ్లీ తెరిచారు. వాన నీటి సేకరణ కోసం పనిచేసే కల్పనా రమేశ్ బృందం, అధికారులు, స్థానికులు కలిసి పూడిక తీస్తే కింద నీళ్లు ఊరాయి. నేల మనకు ఇవ్వడం మానలేదు, మనమే దాని నోరు మూశాం.

ఇంటి కోసం మీరిద్దరూ అప్పు చేసి, ఖర్చులు తగ్గించుకుని కడుతున్నారని నాకు తెలుసు. కిచెన్ గ్రానైటు ఆరు నెలలు ఆగినా ఫరవాలేదు. పూజ గది తలుపు చెక్కడాలు ఆగినా ఫరవాలేదు. ఇది ఆగకూడదు. ఆవరణలో సిమెంటు పోసే ముందే పైపు లైను, వాల్వు, ఫిల్టరు, గుంత పూర్తి చేయించు. అవి పూర్తయ్యేదాకా మేస్త్రీకి ఆఖరి బిల్లు ఇవ్వకు. మృగశిర కార్తెకు ఇంకా ఏడు వారాలుంది. ఈ వారమే తవ్వకం మొదలుపెట్టించు నాన్నా.

అమ్మను, కోడలిని, పిల్లలను అడిగానని చెప్పు.

ఇట్లు,
ప్రేమతో,
మీ పెద్దమ్మ